దేవుళ్ల అల్మారాలో నీ చోటు

నీ దేవుడి పేరు చెప్పకుండా చచ్చిపోయావు, లచ్చన్నా. శవపేటిక ఊరికి పంపేటప్పుడు ఏ దేవుణ్ణి పిలిచి మొక్కాలో తెలియక నీ పేరే పిలిచాను.

"దేవుడొక్కడే, బొమ్మ లేదు" అనేవాడివి. మన కూలీల క్యాంపంతా నవ్వేది. ఆ మాట మొదట విన్న ఇశ్రాయేలీయులే దాన్ని పారేసి పొరుగు దేవుళ్లందరినీ తెచ్చుకున్నారని చదివాను. అందుకే లోకంలో ఇంకెవరూ ఆ మాట అనరు. ఈ బహ్రెయిన్‌లో మనకి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంట్లోనే ఏడుగురు దేవుళ్లు.

మన గదిలో దేవుళ్ల అల్మారాలో నీ చోటు ఖాళీగానే ఉంచాను. కొత్తగా వచ్చిన గంగారాం "ఖాళీనే ఉన్నది గద భాయ్, మా దేవున్ని పెడ్త" అని పెట్టాడు. తెల్లారేసరికి బొమ్మ బోర్లా పడి ఉంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది.

"మీ అన్న ఇంక పోలే భాయ్, ఈడ్నే ఉన్నడు" అని సామాన్ ఎత్తుకుని పక్క గదికి పోయాడు.

ఆ బొమ్మని తోస్తున్నది నువ్వా, బొమ్మ లేని నీ దేవుడా? శుక్రవారం గదిలోకి ఇంకొకడు వస్తున్నాడు, ఆలోపు కలలోకి వచ్చి చెప్పు.