ఐదో జాకెట్టు

పన్నెండో తారీఖు, గురువారం మధ్యాహ్నం

వదినగారికి దణ్ణం పెట్టి మీ మరదలు రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, మీ తమ్ముడి జలుబు తప్ప. సరిచెయ్యమని మీరు పంపిన ఐదు జాకెట్లలో నాలుగు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఐదోదాని సంగతి తర్వాత.

ఒక మాట మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. రొమ్ములో గడ్డేమోనని నిన్న స్కానింగ్‌కి వెళ్లాను. మీ తమ్ముడికి దారాలు కొనాలని చెప్పాను. నోట్లో నాలుక లేని పిల్లనని మీరు ఏడిపిస్తారు కదా, అలాంటిదాన్ని ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడ జరిగింది నాకే సరిగ్గా అర్థం కాలేదు. వరసగా రాస్తే మీకైనా అర్థమవుతుందేమో.

ముందు డాక్టరమ్మ చేత్తో చూసి, నాకేమీ తగలడం లేదే అంది. నేను కదలకుండా కూర్చునేసరికి చీటీ రాసిచ్చింది. పరగడుపున వెళ్లి కళ్లు తిరిగి పడబోయాను. తీరా చూస్తే ఈ పరీక్షకు తినే వెళ్లొచ్చట. పౌడరు మాత్రం రాసుకోకూడదట. నేను సరిగ్గా అదే రాసుకుని వెళ్లాను. తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నారు.

స్కాన్ చేసేది మగాడేమోనని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆడమనిషే. నడుం పైన బట్టలు తీసి, ముందుకు తెరుచుకునేలా గౌను వేసుకోమంది. నేను వెనక్కి తెరుచుకునేలా తొడుక్కున్నాను. పెళ్లికి ముందునుంచీ బట్టలు కుడుతున్న చేతులివి. ఆమె నవ్వలేదు, తనే తిప్పి తొడిగింది.

వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి తలపైకి పెట్టించింది. చల్లటి జిగురులాంటిది పూసి, సబ్బుబిళ్లంత పరికరంతో అదిమి అటూ ఇటూ తిప్పింది. నొప్పి లేదు, కాస్త ఒత్తినట్టుంటుంది, అంతే. తెరమీద అంతా ముసురుపట్టిన ఆకాశంలా ఉంది. గడ్డ ఎక్కడ తగిలిందని అడిగితే ఎడమవైపు చూపించాను. మళ్లీ అడిగితే వేలు ఇంకోచోట పెట్టాను. ఆమె వెళ్లి ఇంకో డాక్టరమ్మను తీసుకొచ్చింది. నేను లేచి కూర్చోబోయాను. రెండోసారి చూడటం మామూలేనని, అది చెడ్డ కబురు కాదని ఆవిడే చెప్పింది. ఏమైనా కనిపించినా చాలాసార్లు అది ఉత్త నీటితిత్తే అవుతుందట. అనుమానముంటే సూదితో కాస్త తీసి చూస్తారట. మొత్తం అరగంట కూడా పట్టలేదు.

"ఇక్కడేమీ లేదమ్మా. నీకు నిజంగా తగిలిందా?" అంది చివరికి.

తల ఊపాను. అవుననో కాదనో నాకే తెలియదు. ఏమీ లేదంటే సంతోషించాలి కదా, బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చాను.

ఇక ఉంటాను.

ఇంతవరకూ మీ మాటకు ఎదురుచెప్పని
మీ మరదలు

తా.క. అబద్ధం రాశాను వదినా. నాకు ఏ గడ్డా లేదు. మీ ఐదో జాకెట్టు కుట్లు విప్పితే, ఎడమవైపు లోపల మెత్తటి గుడ్డముక్క నాలుగు మడతలు పెట్టి కుట్టి ఉంది. ఆ వంకర కుట్లు మీవే. అక్కడ ఒరుసుకుంటే నొప్పిగా ఉంటోందా? అలాంటి చోట్ల మగాళ్లు చూస్తారు, చచ్చినా పోనని మీరొకసారి అన్నారు. అందుకే ముందు నేను వెళ్లి చూసొచ్చాను. నా రిపోర్టు మీకు పనికిరాదని తెలుసు. ఇరవై మూడో తారీఖు సోమవారం పొద్దున ఆ స్కానింగ్ డాక్టరమ్మ దగ్గర మీ పేరు రాయించాను. తిని రండి, పౌడరు వద్దు. ఐదో జాకెట్టు మీరే వచ్చి తీసుకోవాలి. గౌను ఎటు తొడుక్కోవాలో నాకిప్పుడు తెలుసు, నేను తొడుగుతాను.