హనుమండ్లు లీవు దరఖాస్తు

లింగమూర్తి మామకు,
మస్కట్ నుంచి హనుమండ్లు దండాలు.

ఫోన్ల మాట్లాడుదమంటే రూముల తొమ్మిదిమందిమి. అందుకే కాయితం మీద రాసి ఫొటో పంపుతున్న. దేవవ్వ "జర నలతగ ఉంది" అని ఊకున్నది గాని, రొమ్ముల గడ్డ అని, ఇరవై రెండో తారీఖు కరీంనగర్‌ల ఆపరేషన్ అని మా బిడ్డ అలేఖ్య చెప్పింది. పెండ్లానికి బాగలేదంటే మా కంపెనీ లీవు ఇయ్యదని అందరంటరు. నాకే బాగలేదని ఇంగ్లీషుల ఒక దరఖాస్తు రాసియ్యి.

నీ మేనల్లుడు
హనుమండ్లు

ప్రియమైన మేనల్లునికి,
శ్రీరాంపూర్ నుంచి మామ దీవెనలు.

నలభై ఏండ్లు బొగ్గు బాయి ఆఫీసుల ఎవలకు లీవు కావాల్నన్నా నా కలమే. నేను చదివింది నాలుగో తరగతి. మిగతాది అట్ట ఊడిన డిక్షనరీ చెప్పింది. 'సిక్' రాయొద్దు. మా బాయిల సిక్ పెట్టినోడంటే పత్తి ఏర పోయినోడే. ఓంప్రకాశ్ సిక్ పెట్టి తన పెండ్లే చేసుకున్నడు, మేనేజరు వచ్చి అక్షింతలు వేసిపోయిండు! సరే, అది వేరే కథ. 'అన్‌వెల్' అంటే చాయ తాగితే పోయే తలనొప్పి. 'ఇల్' అంటే మంచం పట్టినట్టు, ఏమైందో చెప్పదు. 'డిసీజ్' అంటే డాక్టరు పేరు పెట్టిన రోగం. బరువున్న మాట. అదే రాసిన. ఇగ ఎవడు ఆపుతడు?

మీ మామ
లింగమూర్తి

మామా,
నీ బరువు నా నెత్తిన పడ్డది. ఫోర్‌మన్ చదివి "ఏం డిసీజ్? అంటుకునేదా?" అని నన్ను వేరే రూముల పెట్టించిండు. రక్తం తీసిరి, ఛాతి ఫొటో తీసిరి, అంతా మంచిగున్నదని ముద్ర కొట్టిరి. ఇగ లీవు లేదట. ఆపరేషన్‌కు ఆరు రోజులే ఉన్నయి.

పరేషాన్‌ల ఉన్న నీ
హనుమండ్లు

హనుమండ్లూ,
తప్పు నాదే. పోయి దేవవ్వకు అంతా చెప్పిన. "నీ ఇంగ్లీషు పాడుగాను మామా!" అని నవ్వింది. జరసేపటికి ఏడ్చింది. "ఆయన పని పోతదని నలత అన్న. ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పుడు ఆయన మొఖం కనబడాలె" అన్నది. దవాఖాన కాయితం ఆమెనే ఇచ్చింది, పంపుతున్న. ఈసారి డిక్షనరీ తియ్యలే. భార్యకు ఆపరేషన్, పక్కన ఉండాలె, మొదటి కాయితం అబద్ధం. గంతే రాసిన. నువ్వే ఫోర్‌మన్ చేతికియ్యి.

మామ

మామా,
ఫోర్‌మన్ రెండుసార్లు చదివిండు. "గిది ముందుగాల ఎందుకు తేలే?" అన్నడు. ఇయ్యరని అందరంటరు సార్ అన్న. "అందరు అడిగిన్రా?" అన్నడు. పదిహేను రోజులు ఇచ్చిండు. ఇరవై ఒకటి పొద్దుగాల శంషాబాద్‌ల దిగుత. నువ్వు అక్కడికి రాకు, దేవవ్వ కాడ ఉండు. నేను సక్కగ దవాఖానకే వస్త.

హనుమండ్లు