ఏమీ చేయకూడని తోట

మా ఇంటి యజమానురాలికి,

నీ జాబు బుధవారం అందింది. ఇక్కడ నేను క్షేమం, అమ్మాయీ అల్లుడూ క్షేమం, నీ రంగుల గది తాళం వేసింది వేసినట్టే ఉంది. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఆ పిల్లల ఆసుపత్రి గోడ మహా ఎత్తని రాశావు. పరంజా ఎక్కేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని ఎక్కు. కుంచె నోట కరుచుకుని ఎక్కే నీ అలవాటు నాకు తెలియంది కాదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటగది కుళాయి బాగుచేయించాను, ఇప్పుడు కారడం మానేసి మూలగడం మొదలుపెట్టింది. వేళకే తింటున్నాను. రుచి సంగతి నువ్వు అడగలేదు కాబట్టి నేను చెప్పను. కొట్లో బడిపిల్లల యూనిఫారాలు ఒప్పుకున్నాను, మిషను ముందు కూర్చుని కూర్చుని మెడ పట్టేస్తోంది. పోయిన ఆదివారం అమ్మాయి వచ్చి నా కళ్లజోడు తుడిచిపెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి వెళ్లింది. అవి దేనికో కింద రాస్తాను.

గోడ నిండా మన తోట పూలే వేస్తున్నావని చదివి, మన కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాను, నిన్ను పిచ్చిమొక్కలావిడ అనేవాళ్లకు మరీ గట్టిగా. పెళ్లయిన కొత్తలో రాళ్లు కొట్టే గుట్ట అంచు నుంచి గుప్పెడు మట్టి రుమాల్లో మూటగట్టి తెచ్చావే, అప్పుడు నేనూ నవ్వాను. "కొన్న మొక్క ఈ గేటు దాటి లోపలికి రాకూడదు. ఈ నేలలో దానంతటది పుట్టిందే ఉంటుంది" అన్నావు. ఆనాటి నుంచి రైలుకట్టల వెంటా, రోడ్డు కోసం తవ్వేస్తున్న చోట్లా తిరిగి ఒక్కొక్కటే తెచ్చుకున్నావు. బొమ్మలు అమ్ముడైన ఏడూ, అవ్వని ఏడూ తోట మాత్రం మానలేదు. నీకది బొమ్మలకన్నా పెద్ద పనని నాకు తెలిసిరావడానికి చాలాకాలం పట్టింది.

సిగ్గరి పూసిందా అని ఉత్తరం ఉత్తరానికీ అడుగుతున్నావు, నేను నీళ్లు నములుతూ వస్తున్నాను. తెల్లవారి విచ్చుకుని, ఎండ తగలగానే ముడుచుకుంటుందని దానికా పేరు పెట్టింది నువ్వే. గోడ నట్టనడుమ అదే వేయాలనీ, రేకు లోపలి నీలం సరిగ్గా గుర్తుకు రావడం లేదనీ, ఒక పువ్వు కాగితాల మధ్య నొక్కి పంపమనీ రాశావు. పంపడానికి పువ్వు లేదు. ఈసారి ఒక్కటీ పూయలేదు. చీడ పట్టిందనో, ఎండదెబ్బ తగిలిందనో రాసి తప్పించుకుందామనుకున్నాను. కానీ కారణం నేనే.

వెళ్లేముందు గేటు దగ్గర నిలబడి, "నీళ్లు పోయకు, ఎరువు వేయకు, కలుపు తీయకు. ఏమీ చేయకపోవడమే నీ పని" అన్నావు. వేలాడే దారం కనిపిస్తే కత్తిరించకుండా ఉండలేని దర్జీకి అప్పజెప్పే పనేనా అది? నువ్వు లేని ఇంట్లో పొద్దుపోక రోజూ తోటలోకి వెళ్లి నిలబడేవాణ్ణి. పక్కింటి మాస్టారు గోడ మీంచి చూసి, "ఏమయ్యా, మొక్కలు అలా పస్తులుంటే చూస్తూ ఊరుకుంటావా? నా దగ్గర మాగిన ఎరువుంది, వేసి చూడు, రాళ్లు కూడా పూస్తాయి" అన్నారు. బండెడు ఇచ్చారు, వేశాను. సాయంత్రాలు నీళ్లు కూడా పెట్టాను.

గడ్డి మోకాలెత్తు లేచింది. దాని కింద నీ మొక్కలు పాలిపోయి కుళ్లిపోయాయి. బీదనేలలో పెరిగినవి కదా, నా విందు వాటికి పడలేదు. అమ్మాయి చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"నాన్నా, అమ్మకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే రాస్తాలే."

"మాస్టారు చెప్పారు కాబట్టి వేశానని మాత్రం రాయకు."

అందుకే అసలు సంగతి రాస్తున్నాను. ఎరువు వద్దన్న మాట నేను మరిచిపోలేదు, గుర్తుండే వేశాను. నువ్వు వచ్చేసరికి తోట విరగబూసి ఉండాలనీ, "ఇదంతా నువ్వే చేశావా?" అని నీ చేత ఒక్కసారి అనిపించుకోవాలనీ ఆశపడ్డాను. ఇన్నేళ్లలో ఆ తోటలో నా చేతిపని అంటూ ఒక్కటీ లేదు. ఈ వయసులో పూల మీద కుళ్లుకున్నానంటే నీకు నవ్వొస్తుందేమో, నాకు మాత్రం ఏడుపొస్తోంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అల్లుడూ నేనూ కలిసి గడ్డి పీకి, ఎరువు పట్టిన పైమట్టంతా గీకి మాస్టారి కూరగాయల మళ్లలోకే మోశాం. అడుగున రాళ్లు తేలిన ఎర్రనేల మళ్లీ బయటపడింది. విత్తనాలు ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోగలవని నువ్వే అంటుంటావు. అవి అక్కడే ఉన్నాయో, మట్టితోపాటు వాటినీ మోసేశామో నాకు తెలియదు. ఇప్పుడు నిజంగానే ఏమీ చేయడం లేదు.

పువ్వు ఎలాగూ పంపలేను, కనీసం దాని రంగుకు సరిపోయే దారమైనా పంపుదామని కొట్లో ఉన్న నీలం రీళ్లన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. బట్ట రంగు ఒకసారి చూస్తే మరిచిపోని కళ్లు నావి. అయినా ఒక్క రీలూ ఇదీ అని చేతికి రాలేదు. తెల్లవారుజామున నువ్వు ఆ పువ్వు ముందు గొంతుక్కూర్చుని, మట్టి చేతులతో ముట్టుకోలేక ముఖం మీది జుట్టు మోచేత్తో తోసుకోవడం గుర్తుంది. అది విచ్చుకోగానే ఊపిరి బిగపట్టి నవ్వే నవ్వు గుర్తుంది. పువ్వు రంగు మాత్రం తెలియదు. ఇన్నేళ్లూ నిద్ర లేచి వచ్చి నీ పక్కనే నిలబడ్డాను కానీ, నేను దాన్ని చూడనే లేదు.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న
మీ ఆయన