తెల్ల మొలకలు

జూన్ 16, 1941

తెలకపల్లి. వాన పడింది, పదును బాగుంది. బావి దగ్గరి మడిలో జొన్న వేశాను. ఒక్కో కంకి గింజలు ఒక్కో సాలు. పోయినేడు పట్నం దవాఖానలో, నేను పనిచేసే ఎక్స్‌రే గదిలో, మిషన్ కింద పెట్టిన విత్తనం తాలూకు పంట ఇది. పోయినేడు అంతా పచ్చగానే మొలిచింది. గింజకు ఆ కిరణాల దెబ్బ తగిలితే దాని పిల్లల్లో బయటపడుతుందని చదివాను.

అనసూయకు ఆరో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండూ నేను ఆ గదిలో చేరాకే... జొన్న ఏమైనా చెబుతుందేమో. ఇంకెవరిని అడగను?

జూన్ 21

మొలిచింది. కొన్ని సాళ్లలో తెల్లవి. ఆకులో పచ్చదనమే లేదు — సున్నం పూసినట్టు. భయపడతాననుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

జూన్ 22

పోయినేడు మిషన్ కింద పెట్టని విత్తనం తాలూకు సాళ్లూ పక్కనే ఉన్నాయి. అక్కడ తెల్లది ఒక్కటీ లేదు. రేపు కూర్చుని లెక్కపెట్టాలి. నిన్న కూడా రేపే అనుకున్నాను.

జూన్ 24

వెళ్లేసరికి తెల్లవి లేవు. అమ్మ కూలోళ్లతో పీకించి గట్టు అవతల పారేయించింది. కడుపుతో ఉన్న మనిషి అటువంటి పైరు చూడకూడదట.

"కోడలు పొద్దుగాల గీ దిక్కే వస్తది బిడ్డా. గసువంటియి కండ్ల పడొద్దు."

కోపం రావాలి. రాలేదు. నేను వాటిని వేసింది కూడా ఆ బిడ్డ కోసమే అని చెప్పలేకపోయాను. మంచిపని చేశావు అన్నాను.

జూన్ 25

ఇంకో రెండు తెల్లవి మొలిచాయి. నేనే పీకేశాను. ఎందుకో తెలియదు.

జూన్ 27

సెలవు అయిపోయింది. మళ్లీ పట్నం, ఆ గది.

సంచి సర్దుతుంటే అనసూయ నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది.

"కదులుతున్నది. ఎరుకైతున్నదా?"

మిషన్ ముందు పెట్టీ పెట్టీ చేతి తోలు మొద్దుబారి చాలా రోజులైంది. ఆమెకు చెప్పలేదు. వేళ్లు అటూ ఇటూ జరిపి చూశాను... ఏమీ తెలియలేదు.

ఎరుకవుతున్నది అన్నాను.

"గట్లయితె ఎటు దిక్కు తన్నిందో చెప్పుండ్రి" అంది.