వాగు ఒడ్డు వదిలేసిన

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున్నే అమ్మ నీ ఫోటో ముందు దీపం పెట్టింది. నేను దండం పెట్టుకుని, కొంటా దగ్గరి మన గ్రావెల్ ఖదాన్‌కు, అదే మన క్వారీకి, పోయిన.

ఖదాన్ పట్టా మళ్లీ ఇయ్యాలంటే వాగును, చెట్లను ఎట్ల కాపాడతమో రాసియ్యమన్నరు సర్కారు ఆఫీసోళ్లు. రాసుడు సులువే. కానీ పక్కూరి ఆదివాసులు, దోర్లోళ్లను పిలిచి, వాళ్ల ముందే తవ్వకం హద్దులు పెడదామన్న.

వాగు ఒడ్డు మొత్తం వదిలేద్దామనంగనే నీ తమ్ముడు, మా బాబాయి, ఎగిరిండు. "మంచి గ్రావెలంతా ఆడనే ఉంది. అది వదిలేస్తే ఖదాన్ ఎన్నాళ్లు నడుస్తది? మనం తినేదేంది?"

దోర్లోళ్లల్ల ఒక ముసలామె లేచింది. "ఒడ్డు తవ్వితే ఎండాకాలం చెలిమెల్ల నీళ్లు దిగిపోతయి బిడ్డా. మేం యాడికి పోవాలె?"

ఇద్దరి మాటా నిజమే. నువ్వుంటే ఏం చెప్పేటోడివో తెల్వలేదు. అలిసిపోయి లారీ నీడన కూలబడ్డ. చివరికి లేచి, ఒడ్డుకు చానా దూరంగా సున్నం గీత పోయించిన. వానల్ల తవ్వొద్దని, తీసిన పైమట్టితోనే గుంతలు పూడ్చాలని చెప్పిన. బాబాయి బండెక్కి వెళ్లిపోయిండు.

ఇగ రాడనుకున్న. పొద్దుగూకే యాళ్లకు నీళ్ల ట్యాంకర్ ఎంటబెట్టుకుని వచ్చిండు. దుమ్ము లేవకుండ లారీలు తిరిగే దారంతా తడిపించిండు.

"ఇది కూడా రాయి. రోజూ నీళ్లు కొట్టాలని. మా అన్న లెక్క ఈ దుమ్ముకు దగ్గి దగ్గి ఇంకెవ్వరూ పోవద్దు," అని అటు తిరిగి నిలబడ్డడు.

నీ బిడ్డ