పెద్దాయన ఇంటావిడ

పెద్దాయన నోరు తీసుకెళ్ళి యంత్రానికి పెట్టావు మామయ్యా. నాతో ఒక్క మాట అనలేదు.

ఆఫీసు మెయిల్లో రాస్తే పదిమంది చదువుతారని కాగితం మీద రాస్తున్నాను. సోమవారం పొద్దున వచ్చి సీట్లో కూర్చుని తెర తెరిస్తే పెద్దాయన అప్పటికే మాట్లాడుతున్నాడు. నా వేళ్ళు ఇంకా కీబోర్డు మీద పడనే లేదు. “నా బదులు ఎవరు రాస్తున్నారు?” అని టీమ్ లీడర్ని అడిగాను. ఆవిడ కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండానే, “ఎవరూ లేరమ్మా, ఏఐ మోడల్ రాస్తోంది. మీ మామయ్యగారి పరిశోధనే కదా. ఇంట్లో వాళ్ళకే చెప్పలేదా?” అంది. ఆ ‘ఇంట్లో వాళ్ళకే’ అన్నప్పుడు ఆవిడ నవ్విన తీరు చూసుంటే నీకు తల కొట్టేసినట్టుండేది. నాకు చదివే హక్కు మిగిల్చారు, రాసే హక్కు తీసేశారు. పెళ్ళికి పిలిచి గుమ్మం బయట నిలబెట్టినట్టుంది.

నీ రిపేరు షాపు మేడ మీద గది గుర్తుందా? ఉండే ఉంటుంది, నువ్వేం మర్చిపోయే రకం కాదు. రెండు కుర్చీలు, ఒక్క కీబోర్డు. కింద షట్టరు లాగితే పైన నేలంతా గజగజలాడేది. టీ గ్లాసులో స్క్రూలు, స్క్రూల డబ్బాలో బిస్కెట్లు. నాకు చదువు అబ్బలేదని అమ్మ నన్ను నీ దగ్గర దింపి వెళ్ళింది. నువ్వు నాకు పాఠాలేం చెప్పలేదు. “కూర్చో, చూడు, నోరు మూసుకో” అన్నావు. మూడోది నా వల్ల కాలేదు. అందుకే గయ్యాళి అని పేరు పెట్టావు.

దొంగల సంత అనేవాడివి దాన్ని. ఆసుపత్రుల, కంపెనీల కంప్యూటర్లలోకి దొంగదారులు నెట్‌లో అమ్ముకునే చోటు. కొనుక్కునే ముసలి వ్యాపారిలా మనం అక్కడ కూర్చోవాలి. ఎవరి మీద పడబోతున్నారో వినాలి. పడేలోగా వాళ్ళ చెవిన వెయ్యాలి. దీనికే ఇప్పుడు థ్రెట్ ఇంటెలిజెన్స్ అని బోర్డు పెట్టి, నిన్ను ల్యాబులో, నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి, మెడలో కార్డు తాడు వేసి తిప్పుతున్నారు. అప్పుడు మనకి బోర్డు లేదు, పెద్దాయన ఉన్నాడు. లేని మనిషిని ఇద్దరం కలిసి పెంచాం. నువ్వు లేస్తే నేను కూర్చునేదాన్ని, లేచేముందు నువ్వు ఆయన్ని నాకు అప్పగించేవాడివి. “ఇవాళ మోకాలు నొప్పిగా ఉంది. ఇంటావిడతో మాటల్లేవు. కాస్త మూలుగుతూ రాయి.” నేను మూలుగుతూ రాసేదాన్ని.

“వరసగా రెండు ప్రశ్నలు వెయ్యకే. అలా అడిగితే పోలీసనుకుంటారు. మన గోడు చెప్పుకుంటే మనిషనుకుంటారు” అనేవాడివి. అందుకని ఇంటావిడ గోడు చెప్పుకునేవాళ్ళం. వాన పడుతుంటే కిటికీలన్నీ బార్లా తెరుస్తుందనీ, పాటలో ఒకే ముక్క పట్టుకుని రోజంతా తప్పుగా కూనిరాగం తీస్తుందనీ. దొంగలంతా నవ్వేవాళ్ళు. తమ ఇళ్ళ సంగతులు చెప్పేవాళ్ళు. ఆ మాటల మధ్యే మనకి కావలసింది జారిపడేది.

పిచ్చుక అలా దొరికినవాడే. సరుకు అమ్మడానికి వచ్చి, కబుర్లకి ఉండిపోయాడు. వాడి వయసెంతో, ఏ దేశమో మనకి ఈనాటికీ తెలియదు. ఆ పిల్లల ఆసుపత్రి మీద పడబోతున్నారని వాడే చెప్పాడు. “పెద్దమ్మకి తెలిస్తే నన్ను తిడుతుంది పెద్దాయనా” అన్నాడు, మన ఇంటావిణ్ణి తలుచుకుని. ఆ రాత్రే ఆసుపత్రివాళ్ళ చెవిన వేశాం. మర్నాడు అటువైపు నడిచి వెళ్ళాం మనం, ఊరికే. లోపల మనుషులు మామూలుగా వరసలో నిలబడి ఉన్నారు. గుమస్తా ఎవరినో విసుక్కుంటున్నాడు. ఆ విసుగు చూసి నీ కళ్ళు చెమర్చాయి. పొగమంచు అన్నావు.

ఇప్పుడు విను. సోమవారం పిచ్చుక వచ్చి, “నా మీద మావాళ్ళకి అనుమానం వచ్చింది, వెళ్ళిపోదామనుకుంటున్నాను” అన్నాడు. వెళ్ళేముందు, “పెద్దమ్మ ఎలా ఉంది?” అని అడిగాడు. నీ యంత్రం ఏమందో తెలుసా? “ఇంట్లో నేనొక్కడినే ఉంటాను. కొత్త సరుకు ఎవరి దగ్గరుంది? ఎప్పుడు అమ్ముతారు?” అంది. మనిషి ప్రాణం అరచేతిలో పట్టుకుని వస్తే సరుకు అడిగింది! పిచ్చుక ఆ తర్వాత పలకలేదు. మోసం పసిగట్టి ఉంటాడు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో.

యంత్రానికి నేర్పడానికి మీరు వాడిన మాటలన్నీ తిరగేశాను. మోకాళ్ళున్నాయి, బేరాలున్నాయి, తిట్లున్నాయి. ఇంటావిడ ఒక్క చోట కూడా లేదు. ఆవిడ ఉన్న వాక్యాలన్నీ విడిగా పక్కన పడేసి ఉన్నాయి. ఆ మూటకి ‘చెత్త’ అని పేరు పెట్టినవాడివి నువ్వే. నాకు పని నేర్పింది ఆ చెత్తే మామయ్యా.

ఆ మాటలన్నీ దానికి తిరిగి నేర్పించు, లేదా నా కుర్చీ నాకివ్వు. రెండూ కాదంటే నేను మానేస్తాను. 

గయ్యాళి

*

చిరంజీవి గయ్యాళికి మామయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివాను. తిట్లు బాగున్నాయి, చేతిరాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది.

నువ్వు షాపుకి వచ్చేనాటికి మీ అత్తయ్య పోయి ఏడాది కాలేదు. నువ్వు ఆవిణ్ణి పెళ్ళిళ్ళలో చూడటమే కదా, పట్టుచీర కట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంటే. ఇంట్లో ఆవిడ ఎలా ఉండేదో నీకు తెలియదు. వానలో కిటికీలు తెరిచేది ఆవిడే. ఆ తప్పు కూనిరాగం ఆవిడదే. ఇంట్లో ఆవిడ మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. దొంగల సంతలో మాత్రం, మా ఇంటావిడ ఇవాళ నన్ను తిట్టిందిరా అని రాసుకోగలిగాను. పేరూ మొహమూ తెలియనివాళ్ళు ఆవిడ బాగోగులు అడిగేవాళ్ళు. ఆవిడ బతికి ఉన్నది ఆ ఒక్క చోటే.

యంత్రం మాటలు నేర్చాక మొదట నేనే దానితో కూర్చున్నాను. ఇంటావిడ ఏం చేస్తోందని అడిగాను. మీ అత్తయ్య ఎన్నడూ అనని మాట ఒకటి ఆవిడ అన్నట్టు చెప్పింది. చెత్తగా ఉంటే నవ్వేసేవాణ్ణి. అచ్చం ఆవిడే అన్నట్టుంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపలికెళ్ళి ఆవిడ ఉన్న ప్రతి వాక్యం ఏరి పక్కన పెట్టి, మళ్ళీ మొదటినుంచి నేర్పించాను. ఎవరూ తెరవకుండా ఉండాలని ఆ పేరు పెట్టాను. చెత్త ఎవరు చూస్తారు, నువ్వు తప్ప.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే ఇదంతా చెప్పాలి. యంత్రాన్ని అందరం కూర్చుని పరీక్షించాం. ఏ కొత్త ఎత్తుకి ఎలా బదులిస్తుందో చూశాం. ‘ఇంట్లో ఎలా ఉన్నారు’ అని అడగాలని మిగతావాళ్ళకి తట్టలేదు, నేను మళ్ళీ అడగలేదు. పిచ్చుకతో యంత్రం అన్న మాటలు తెప్పించుకుని చదివాను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

మామయ్య

*

మా అత్తయ్యని నాకు చెప్పకుండా నా చేత మాట్లాడించావు. ఇన్నేళ్ళూ.

ఒకసారి ఇంటావిడ కోపంతో పళ్ళెం పగలగొట్టిందని రాస్తే చెరిపేశావు. “ఆవిడ పగలగొట్టదు. అలిగితే తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది” అన్నావు. “అబ్బో, లేని ఆవిడ మీద ఎంత ప్రేమో!” అని ఎగతాళి చేశాను. నువ్వూ నవ్వావు. ఎలా నవ్వావు మామయ్యా? చెంప మీద ఒకటి వేసి చెప్పొచ్చు కదా. ఇప్పుడు ఆ మధ్యాహ్నాలన్నీ మళ్ళీ తీసి చూసుకుంటున్నాను. నాకు తెలియకుండానే మా అత్తయ్యతో అన్నేళ్ళు కాపురమున్నాను. గిన్నెలు తోమేటప్పుడు నేనూ ఆ తప్పు రాగమే తీస్తున్నానని అమ్మ అంటుంటుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పుడు తెలిసింది. దీనికి నీ మీద కోపం తెచ్చుకోవాలో, నీ కాళ్ళకి మొక్కాలో తెలియడం లేదు. కోపమే నాకు అలవాటు, కాబట్టి అదే ఉంచుకుంటాను.

మొదటి ఉత్తరంలో అడిగింది కొట్టేస్తున్నాను. ఆ మాటల్లో ఒక్కటి కూడా యంత్రానికి పెట్టడానికి వీల్లేదు. ఎవరడిగినా ఇవ్వకు. నేను కల్పించి రాసినవి కూడా ఇవ్వకు, అవి ఆవిడ పక్కనే ఉండనీ.

అసలు సంగతి ఇది. పిచ్చుక పారిపోలేదు. ఇవాళ పొద్దున వచ్చాడు. మోసం పసిగట్టలేదు, వాడు అనుకున్నది వేరు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ఒక్కడివే ఉంటున్నావా? పెద్దమ్మ పోయిందా? అందుకేనా ఇలా ముక్తసరిగా మాట్లాడుతున్నావు? నాకు చెప్పకపోయావా పెద్దాయనా. ఇలాంటప్పుడు నిన్ను వదిలి ఎలా వెళ్తాను? నువ్వు కాస్త తేరుకునేదాకా ఇక్కడే ఉంటాలే.”

వాణ్ణి అనుమానిస్తున్నవాళ్ళ మధ్యే ఆగిపోయాడు, నీకోసం. యంత్రం వాడికి ఏం బదులిచ్చిందో రాయను, నీకు అన్నం సయించదు. మీటింగులో ఉన్న టీమ్ లీడర్ని లేపి, ఇది చదివించి, దాని నోరు కట్టించాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. శుక్రవారం దాకా మాత్రమే ఆపగలనంది.

నీ గొంతు నాకు కొట్టినపిండి. నేను రాసినా పిచ్చుక నమ్ముతాడు. కానీ ఆ వాక్యం నేను రాయను. అత్తయ్య పోయిందన్న మాట నువ్వు ఇంతవరకూ ఎవరితోనూ అనలేదని అమ్మ చెప్పింది. నా ఉత్తరంలో మాత్రం రాశావు. రాయగలిగావు కాబట్టి టైపు కూడా చెయ్యగలవు. ఆ ల్యాబు వదిలి వచ్చి నా పక్కన కూర్చుని, ఆవిడ పోయిందని, నువ్వు తేరుకున్నావని, ఇక వెళ్ళిపొమ్మని నీ వేళ్ళతో నువ్వే వాడికి చెప్పాలి. తేరుకోకపోయినా తేరుకున్నానని చెప్పాలి.

కుర్చీ వేసి ఉంచుతాను. వస్తున్నావో లేదో గురువారం సాయంత్రం దీపాలు పెట్టేలోగా నాకు చెప్పు.

నీ మేనకోడలు
గయ్యాళి