సంతకం పెట్టని కాగితం

రెనెల్,

సోమవారం కదా, ఎప్పటిలాగే ఎర్ర బీన్స్ వండాను. వేడి చేసుకుని తిను. గిన్నె నానబెట్టు.

నీ సంచి అడుగున దొరికిన బడి కాగితం ఫ్రిజ్ మీద ఉంది. నేను సంతకం పెట్టలేదు, పెట్టను. ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా గ్రేడు హైస్కూల్ రికార్డులోకి ఎక్కుతుందట, రేపు కాలేజీవాళ్ళూ చూస్తారట. నీకు 'సి' వచ్చింది కాబట్టి అది మాన్పించి మామూలు లెక్కల్లో వేస్తారట. రెండుసార్లు చదివాను. మీ అమ్మప్పుడు ఇలాంటి కాగితమే వస్తే, చదవడం రాక, చూపించిన చోట గీత గీశాను. మీ అమ్మకి మళ్ళీ ఆల్జీబ్రా క్లాసే దొరకలేదు. నర్సింగ్ కాలేజీ ఆశ అక్కడే పోయింది.

పొద్దున మీ కౌన్సెలర్‌కి ఫోన్ చేశాను. "ఆ 'సి' గ్రేడు మీ పిల్లని వెంటాడుతుంది, మిస్ ఒటీలియా" అంది. "వెంటాడనివ్వండి, మా పిల్ల పరిగెత్తగలదు" అన్నాను.

సాయంత్రం ఆరింటికి లైబ్రరీకి రా. తాతయ్య పోయాక నాకు అక్షరాలు నేర్పిన డెల్ఫీన్ టీచర్ లెక్కలు కూడా చెబుతుంది. లాండ్రీలో పని అవగానే నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను.

అమ్మమ్మ

నా కోపం 'సి' వచ్చినందుకు కాదు, దాచినందుకు. కాగితం వెనక "ఒప్పుకోను" అని నా చేత్తో రాశాను. రేపు నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు.